రెండో సుగంధి తీగ

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చదివింది వృక్షశాస్త్రం. కళ్లతో చూసి, పరీక్షలో తేలితే తప్ప ఏదీ రాసుకునేదాన్ని కాదు. ఇది రాయాలా వద్దా అని మూడేళ్లు ఆలోచించాను.

మాది నంద్యాల. పీహెచ్‌డీ కోసం అహోబిలం చుట్టుపక్కల అడవిలో ఏ జాతి మొక్క ఎక్కడుంది, ఎన్ని మిగిలాయి అని లెక్క తీసేదాన్ని. పేరు తేలనివాటి ఆకులు డీఎన్‌ఏ పరీక్షకు పంపేదాన్ని.

నాకు అడవి చూపించింది ఉసేనప్ప. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర వేర్లు, మూలికలు అమ్మే పెద్దాయన. పొద్దున బస్సు దిగేసరికి నాకూ టీ చెప్పి ఉంచేవాడు. నన్ను ‘ఆకులమ్మా’ అనేవాడు. అడవిలో మేమిద్దరమే కాబట్టి ఆ పేరు ఇంకెవరికీ తెలియదు. మధ్యాహ్నం బండ మీద కూర్చుని ఆయన భార్య మాబున్ని కట్టిచ్చిన జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి తినేవాళ్లం. అంత రుచిగా మళ్లీ ఎక్కడా తినలేదు.

ఒకరోజు పక్కపక్కనే ఉన్న రెండు సుగంధి తీగలు చూపించాడు.

"ఈ రెండూ ఒకటి గాదు ఆకులమ్మా."

"ఆకు ఒకటేగా ఉసేనప్పా?"

"ఆకుతో ఏం పని? వేరు నలిపి వాసన జూడు."

చూశాను. నాకు తేడా తెలియలేదు. నవ్వేసి, రెండింటి ఆకులూ వేర్వేరు కవర్లలో వేసుకున్నాను.

ఫలితం వచ్చేసరికి ఉసేనప్ప లేడు, గుండెపోటుతో పోయాడు. రెండో తీగ నిజంగానే వేరే జాతిగా తేలింది. మళ్లీ శాంపిల్ తెచ్చి రుజువు చేయకపోతే ఆ అధ్యాయమే తీసేయమన్నారు మా ప్రొఫెసర్. చోటు రాసుకున్న పేజీ వానకు తడిసి అలుక్కుపోయింది.

సున్నిపెంట నుంచి కొత్తగా వచ్చిన అటవీశాఖ వాచర్ నరసింహులును తోడు తీసుకుని వెతికాను. రెండో రోజు మిట్టమధ్యాహ్నం చెరోవైపు వెళ్లాం. కాసేపటికి అతను వాగు వైపు నుంచి వచ్చాడు.

"మేడం, ఆకులమ్మంటే మీరేనా?"

ఆ పేరు నీకెవరు చెప్పారని అడిగాను.

"ఆడ ఒక ముసలాయన కూచోనుండాడు. ఆకులమ్మను రమ్మను, వాసన జూడమను అంటాండాడు."

పరుగెత్తాను. ఎవరూ లేరు. రెండు తీగలూ ఉన్నాయి. వేర్లు నలిపి చూశాను. ఈసారి తేడా స్పష్టంగా తెలిసింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

రెండో పరీక్షలోనూ అదే ఫలితం వచ్చింది. అధ్యాయం నిలిచింది. నరసింహులు ఉసేనప్పను ఎన్నడూ చూసినవాడు కాదు. ‘ఆకులమ్మ’ అనే పేరు ఎక్కడైనా విన్నాడేమోనని ఎన్నిసార్లు అడిగినా లేదనే అన్నాడు. విన్నాడనే అనుకుందాం, ఆ చోటు అతనికెలా తెలుస్తుంది?

ఆళ్లగడ్డ వెళ్లి మాబున్నికి అంతా చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను గానీ అడిగినాడామ్మా?"

లేదనడానికి నోరు రాలేదు. "అడిగినాడంట. బాగుండాదా అని" అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని టీ పెట్టడానికి లేచింది. ఆ మధ్యాహ్నం వాగు దగ్గర కూర్చున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.