నారాయణ పక్షి ఈకలు దువ్వుకున్న పొద్దు

పోయిన నెల మార్కాపురం నుంచి గిద్దలూరుకు బస్సులో పోతుంటే, కంభం దగ్గర వరిమడిలో ఒక నారాయణ పక్షి కనిపించింది. బూడిదరంగు ఒళ్లు, పొడుగాటి మెడ. ఆ మెడను వెనక్కి వంచి, రెక్కలోకి ముక్కు దూర్చి ఈకలు సవరించుకుంటోంది. బస్సు ఆగలేదు, నేనూ ఆపమనలేదు. గిద్దలూరులో దిగేదాకా ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను.

మా ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో, రాజధాని ఎక్కడ పెడతారా అని ఊరంతా వాదించుకుంటుంటే, ఈయన మాత్రం స్పాటింగ్ స్కోప్ అనే దాన్నొకదాన్ని తెప్పించుకున్నారు. మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి ఒంటికన్నుతో చూసే పెద్ద దుర్భిణి అది. "ఏంది వదినా, అన్న ఫిరంగి తెచ్చినాడు?" అంది పక్కింటావిడ. కన్ను పెట్టేచోట సెల్‌ఫోను బిగించి అందులోంచి ఫొటోలు తీసేవారు. ఆదివారం తెల్లారకముందే బస్సెక్కి కంభం చెరువుకు పోవడం, మధ్యాహ్నానికి మొహం కమిలిపోయి, చేతులంతా కంపముళ్లు గీరుకుని రావడం. అన్నం తింటున్నంతసేపూ కొంగల పురాణమే, అందులోనూ ఈ నారాయణ పక్షిదే. చేపను మింగాక మెడకు జిగురు అంటుకుంటుందట. రొమ్ము దగ్గర పిండిలా రాలే మెత్తటి ఈకలుంటే వాటికేసి తల రుద్దుకుంటుందట. ఆ తర్వాత కాలి నడిమివేలి గోరుతో దువ్వుకుంటుందట. ఆ గోరుకు దువ్వెన పళ్లలాంటివి కూడా ఉంటాయట. "నాకు నూనె పెట్టి జడేసుకునే తీరిక లేదు గానీ, దానికి దువ్వెన కూడానా" అనేదాన్ని. ఆ అలంకారమంతా మొదటినుంచి చివరిదాకా తెగకుండా వీడియో తీయాలని ఆయన కోరిక. ప్రతిసారీ బర్రెలు నీళ్లలోకి దిగడమో, ఫోనులో ఛార్జింగు అయిపోవడమో జరిగేది.

అట్లాంటి ఒక ఆదివారం నేను పెరట్లో గిన్నెలు తోముతూ, తడి పలకరాళ్ల మీద జారిపడ్డాను. లేవబోతే కాలు నాది కానట్టుంది. బొడ్లో దోపుకున్న ఫోను తీసి ఆయనకు చేశాను. కట్టయింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్టయింది. పక్కింటావిడ చర్చికి పోయి ఉంది. ఆమె ప్రార్థన ముగించుకుని వచ్చి, గోడ అవతలినుంచి నా మూలుగు విని పరుగెత్తుకొచ్చేదాకా ఎండలో ఆ రాళ్ల మీదే పడి ఉన్నాను.

తుంటి ఎముక విరిగిందని ఒంగోలులో ఆపరేషను చేశారు. సిగ్నల్ లేదనో, ఫోను సైలెంటులో ఉందనో ఆయన అనొచ్చు, నేను నమ్మేదాన్ని. కానీ మంచం పక్కన నిలబడి, కిటికీ వైపు చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పారు.

"నువ్వేనని చూసే కట్ చేసినా. అది అప్పుడే తల రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఫోనెత్తితే వీడియో ఆగిపోతుందని... కూరగాయలు తెమ్మంటావేమో అనుకున్నా."

"వీడియో బాగా వచ్చిందా?" అన్నాను. అది తగలాల్సిన చోటే తగిలింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

ఇంటికొచ్చాక ఆయన వేరే మనిషయ్యారు. పెరడంతా గోనెపట్టాలు పరిచారు. వంట చేతికెత్తుకుని చారులో ఉప్పు రెండుసార్లు వేసేవారు. ఫోను మోగీ మోగకముందే ఎత్తి, లోన్ కావాలా అని అడిగే అమ్మాయికి కూడా "చెప్పమ్మా, చెప్పు" అని ఆదుర్దాగా బదులిచ్చేవారు. దుర్భిణి పాత పంచెలో చుట్టి అటక ఎక్కించారు. ఇదంతా మొదట్లో నాకు హాయిగానే ఉండింది. పోనుపోను బరువైంది. కూర్చుంటూ నేను "అమ్మా" అంటే చాలు, ఆయన మొహం వాడిపోయేది. అందుకని నొప్పి వచ్చినా పైకి అనడం మానేశాను.

ఒకనాడు ఉబుసుపోక ఆ వీడియో చూపించమన్నాను.

"తుడిచేసినా," అన్నారు.

"అదొక్కటేనా?"

"అన్నీ."

అన్ని ఆదివారాల కొంగలూ పోయాయి. ఆసుపత్రిలో నేనన్న ఆ ఒక్క మాట వాటన్నిటినీ తుడిచేసిందని నాకు అప్పుడు తెలిసింది.

చలికాలం వచ్చాక నేనే ఆయన్ని పోరుపెట్టాను. దుర్భిణి దింపించి, ఆటో మాట్లాడించి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెరువుకట్ట మీద కూర్చున్నాను. ఆయన స్టాండు నిలబెట్టి అద్దం సరిచేసి ఇచ్చారు. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఒక్కసారిగా ఆ పక్షి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఒక్కొక్క ఈకనూ ముక్కుతో పట్టి మొదటినుంచి కొసదాకా లాగుతోంది. ఉన్నట్టుండి తల వంచి రొమ్ముకేసి రుద్దుకుంది.

"రుద్దుకుంటాంది, రాండి, ఫోను పెట్టండి," అన్నాను.

ఆయన రాలేదు. కట్ట మీది రాళ్లలో నా కాళ్లు ఎక్కడున్నాయో చూస్తూ నిలబడ్డారు. "నువ్వు చూడు. నేనిక్కడ ఉంటా," అన్నారు.

నా ఫోను నేనే ఆనించి ఒక ఫొటో తీశాను. చుట్టూ నల్లటి వలయం, నడుమ మసకగా ఏదో బూడిదరంగు. ఆ తర్వాత చాలాసార్లు పోయాం. చూడటం నాది, కాపలా ఆయనది. కన్నుమూసేదాకా ఆయన ప్రతి సాయంత్రం నా తుంటి వైపు చూసి "నొప్పిగా ఉందా?" అని అడిగేవారు, నేను లేదనేదాన్ని. ఆయన్ని ఎప్పుడు క్షమించానో నాకు గుర్తులేదు. కాలం నాకు చెప్పకుండా ఎప్పుడో ఆ పని చేసేసింది, తీరా నేను తెలుసుకుని ఆయనకు చెబుదామనేసరికి అదే కాలం ఆయన్ని తీసుకుపోయింది.