మావయ్య కొలిచిన వాక్యాలు

మొన్న సాయంత్రం మా మనవరాలు హోంవర్క్ పుస్తకం నా ఒళ్ళో పడేసి, "అమ్మమ్మా, టాలర్ దాన్ ఐ సహీ హై, యా టాలర్ దాన్ మీ?" అని అడిగింది. వైశాలి నగర్‌లో పుట్టిన పిల్ల, సగం హిందీలోనే ఆలోచిస్తుంది. బాల్కనీలో ఎండ చల్లబడుతోంది, లోపల టీ మరుగుతున్న వాసన. నేను మనసులో ఎక్కడికో వెళ్ళిపోయాను. పిల్ల రెండుసార్లు భుజం కుదిపిందట, నాకు తెలియనే లేదు.

వెళ్ళింది ఉక్కు ప్లాంటు వాళ్ళిచ్చిన మా పాత సెక్టార్ క్వార్టర్ ముందుగదిలోకి. అందులో మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, ఉండేవాడు. విజయనగరం నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు. తయారై చల్లబడిన రైలు పట్టాలను కొలిచి, సరిగ్గా ఉన్నవాటికి రంగు చుక్క పెట్టి వదలడం ఆయన పని. ప్రమోషన్‌కి ఇంగ్లీషు పరీక్ష ఉందని సాయంత్రాలు, ప్లాంటు వైపు ఆకాశం నారింజ రంగుకు తిరిగే వేళ, అక్కనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివేవాడు. మాకు నేర్పుతున్నానని అమ్మతో చెప్పేవాడు గానీ, ఎవరు ఎవరికి నేర్పారో దేవుడికే తెలియాలి. ఒకరితో ఒకరిని పోల్చే వాక్యాలంటే ఆయనకు దడ. దాన్ తర్వాత ఐ రావాలా, మీ రావాలా అని బుర్ర గోక్కుని గోక్కుని చివరికో ఉపాయం కనిపెట్టాడు. ఐ పెట్టి, వెనకాల యామ్ అనో డూ అనో ఒక క్రియ తగిలించేస్తే ఇక ఎవడూ తప్పు పట్టలేడట.

అసలు చిక్కు ఆయన ఉద్యోగపు అలవాటుతో వచ్చింది. కొలవని పట్టాను వదలనట్టే, కొలవని వాక్యాన్నీ రాసేవాడు కాదు. పరుగు గురించి రాయాలంటే మేమిద్దరం క్వార్టర్ల మధ్య సందులో పరిగెత్తాలి. ఇడ్లీల గురించి రాయాలంటే అమ్మ ఇంకో వాయి వెయ్యాలి. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది, అన్నిట్లో అదే గెలిచేది. వాక్యాలు మాత్రం నాచేత చదివించేవాడు. మై సిస్టర్ ఈజ్ టాలర్ దాన్ ఐ యామ్. మై సిస్టర్ రన్స్ ఫాస్టర్ దాన్ ఐ డూ. పుస్తకం నిండా నేను దాన్‌కి అవతలే. ఒక్కసారి, ఒక్క వాక్యంలో ముందుండాలని ఎంత కొట్టుకునేదో ప్రాణం, ఇప్పుడు చెబితే నవ్వుతారు.

పరీక్ష పాసయ్యాడు. ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు వేశారు. దుర్గ్ స్టేషన్‌లో బండి ఎక్కే రోజు పొద్దున్న ఆ పుస్తకాన్ని పెట్టెలో పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అందులో నన్ను ఓడిపోయినదానిగానే తీసుకుపోతున్నాడు. అడ్డం నిలబడి మళ్ళీ కొలవమన్నాను.

"ఏటి కొలవాలే?" అన్నాడు.

ఎత్తు, అన్నాను.

రిక్షా వచ్చేసిందని అమ్మ కేకలేస్తోంది. ఆయన నిమ్మళంగా టేపు తీసి, మా ఇద్దర్నీ గుమ్మానికి చెరో పక్కా ఆనించాడు. అక్క పరికిణీలో ఉంది, నేను పొట్టి గౌనులో. మడమలు లేపేసి వేళ్ళ మీద నిలబడ్డాను. పిక్కలు వణుకుతున్నాయి. పట్టాలో వెంట్రుకవాసి వంకరను పట్టేసే మనిషి, నా తల మీద పుస్తకం ఆనించి గీత గీశాడు, అక్కకూ అలాగే గీశాడు, కళ్ళజోడు సర్దుకుని టేపు చదివాడు. నిలబడే రాసి, నాచేత చదివించాడు. ఐ యామ్ టాలర్ దాన్ మై సిస్టర్ ఈజ్. పక్కన టిక్కు పెట్టి, పెట్టె మూశాడు.

అంతటి మావయ్యను మోసం చేశానని యాభై ఏళ్ళుగా కొంత సిగ్గు, అంతకు రెట్టింపు గర్వం. ఆయన పోయి పదేళ్ళవుతోంది. మనవరాలికి ఇదంతా చెప్పాక ఉండబట్టలేక, పవర్ హౌస్ దగ్గరుండే అక్కకు ఫోన్ చేసి నేరం ఒప్పేసుకున్నాను.

"మడమలెత్తితే ఎంత వస్తాదే నీకు? నేను మోకాళ్ళు వంచీసేను," అంది. "మావయ్య చూసేడు. ఇంకొంచెం వంగమని కళ్ళతో సైగ కూడా చేసేడు."

ఫోన్ పెట్టేసి, పిల్లచేత చివర క్రియ తగిలించి రాయించాను. ఆ గుమ్మం దగ్గర గడిచిన రెండు నిమిషాలు, తర్వాత గడిచిన యాభై ఏళ్ళకంటే పొడుగు. ఇది నేను కొలవకుండా రాస్తున్న వాక్యం. మావయ్య ఉంటే, టేపు పక్కన పెట్టి మరీ దీన్ని పాస్ చేసేవాడు.