నీలిచొక్కా అన్నయ్య గొంతు

మొన్న మంగళవారం పొద్దున్న మా మేనత్త పోయింది. కాఫీ తీసుకెళ్లేసరికే చెయ్యి చల్లబడి ఉంది. డెబ్బై దాటింది, మోకాళ్లు రెండూ పోయి ఆరేళ్లుగా మంచం, కుర్చీ తప్ప మరో లోకం లేదు, సుఖంగా వెళ్లిపోయింది అన్నారు చూడ్డానికొచ్చినవాళ్లు. నేను తలూపాను. కానీ ఆమెకి మరో లోకం ఉండేది. అందులో ఆమె పరిగెత్తేది.

నేను అత్త దగ్గరే పెరిగాను. ఉద్యోగం వచ్చాక కూడా చీపురుపల్లి స్టేషను వెనక ఉన్న ఆ ఇల్లు వదల్లేదు. అత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఇంట్లో ఫోనెత్తినా వెంటనే పలికేది కాదు. అవతలివాళ్ల ఊపిరి ఒక్క క్షణం విని, అప్పుడు "సెప్పండి" అనేది. "మాట అబద్ధమాడతాది. ఊపిరికి అంత తెలివి లేదే," అనేది.

కాళ్లు పడిపోయాక ఆమె దిగులు చూడలేక ట్యాబ్‌లో ఒక ఆట పెట్టిచ్చాను. అందులో మనకి నచ్చిన రూపం ఎంచుకోవచ్చు. దాన్ని అవతార్ అంటారు. ఆ రూపంతో వీధులు తిరగొచ్చు, ఎదురైనవాళ్లతో రాసో మాట్లాడో కబుర్లాడొచ్చు. అత్త మొదట నేతచీర కట్టిన ఆడమనిషిగా వెళ్లింది. ఆ రోజే నలుగురు వెంటపడి వేధించారు. "ఒలే, ఇక్కడ కూడానా!" అని నవ్వి, మర్నాడు నీలిచొక్కా వేసుకున్న ఇరవయ్యేళ్ల కుర్రాడైపోయింది. మైకు ఎప్పుడూ తెరిచేది కాదు. రాసేది, అంతే. ఆ లోకంలో ఒక వంతెన మీద మన తెలుగువాళ్లు చేరేవారు. వాళ్లందరికీ ఆమె అన్నయ్య.

వాళ్లలో కత్తీ కవచమూ ధరించిన ఒక యోధురాలుండేది. నర్సింగు చదువుతున్నానని చెప్పింది. "ఏటన్నయ్యా, ఏటి సంగతి" అని రాసేది. "మనేపు గుంటేనే ఇది," అని తన యాస పిల్ల దొరికినందుకు మురిసిపోయేది అత్త. ఏ ఊరని మాత్రం అడగలేదు. అడిగితే తిరిగి తననీ అడుగుతుందని భయం.

రెండేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం అత్త నన్ను కేకేసింది. ఆ కేకకి పరిగెత్తాను. తెర మీద అత్తకి విడిగా వచ్చిన ఒక సందేశం ఉంది. వంతెన మీదకి తెల్లగుర్రమెక్కి వచ్చే ఒక అవతార్ రాసింది. భువనేశ్వర్‌లో ఇంజనీరింగు చదువుతున్నానని అందరికీ చెప్పుకునేవాడు. అత్తని మగవాడనుకుని, తనలాంటివాడే అనుకుని గొప్పలు పోతున్నాడు: 'ఆ కత్తి పిల్ల ఈరోజు రైలెక్కుతోంది. ఇంట్లో చెప్పలేదట. ఇక్కడ మేం ముగ్గురం ఎదురుచూస్తున్నాం.'



అత్త ఆ పిల్లకి వెళ్లొద్దని రాసింది. 'నీకు కుళ్లు అన్నయ్యా. నువ్వూ మగాడివే కదా,' అని జవాబొచ్చింది. అత్త వాడి మాటలు ఫొటో తీసి పంపింది. 'ఇలాంటివి తయారుచెయ్యడం ఎంతసేపు? రైలొచ్చేస్తంది, బై.'

అత్త మైకు గుర్తు నొక్కింది.

"అమ్మా, ఉండు. నాను అన్నయ్యని కాదు. ముసిల్దాన్ని. ఇన్నాళ్లూ నీకు అబద్ధం సెప్పాను."

అవతల మైకు తెరుచుకుంది. ఊపిరి మాత్రం వినిపించింది. అత్త కళ్లు మూసుకుని వింటోంది.

"మా అమ్మకి సెప్పనివి కూడా నీకు సెప్పుకున్నాను," అంది ఆ పిల్ల. "ఎవరు నువ్వు? కూకుని నవ్వుకున్నావేటి?"

"నవ్వలేదు తల్లీ. తప్పు నాదే. ఎంత తిట్టినా పడతాను."

అప్పుడు రైలు కూత వినిపించింది. ట్యాబ్‌లోంచీ, మా కిటికీలోంచీ ఒకేసారి. ఆ పిల్ల మా వీధి చివరే ఉంది! నేను స్కూటీ తాళాలందుకున్నాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. మైకు మూసి, "దాని ముఖం తెలీనిదానివి, ఎలా పోలుస్తావు? ఎవరో ఎతుక్కుంతన్నారని తెలిస్తే బెదిరి ఎక్కేస్తాది. కూకో," అంది. కూర్చున్నాను. అది సరైన పనో కాదో నాకిప్పటికీ తెలీదు.

మైకు మళ్లీ తెరిచింది. "ఇను. మంచి కోరినదాన్నే ఇన్నాళ్లు నిన్ను నమ్మించేసాను. ఆడికెంతసేపు? ఎక్కొద్దని సెప్పను. ఎక్కేముందు ఆడికి వీడియో కాల్ సెయ్యి. ముఖం సూపించమను. సూపిత్తే అప్పుడు ఆలోసించు."

అవతల మైకు ఆగిపోయింది. రైలు వచ్చింది. ఆగింది. కదిలింది. కిటికీ రెక్కలు అదిరి, సద్దుమణిగాయి. అత్త నా చెయ్యి వదల్లేదు. ఆమె గోళ్లు దిగుతున్నా నేను కదల్లేదు. పావుగంటకి తెర మీద ఒక వరస పడింది.

'ఎత్తలేదు. ఎక్కలేదు.'

ఆ వెంటనే అత్త స్నేహితుల జాబితాలోంచి యోధురాలి పేరు మాయమైంది.

వాడి సందేశాలు ఆట నడిపేవాళ్లకి పంపాం, పోలీసులకీ ఇచ్చాం. తెల్లగుర్రం మళ్లీ కనపడలేదు. అత్త మాత్రం నీలిచొక్కా విప్పేసింది. తెల్లజుట్టు ముసలమ్మగా వంతెనెక్కి, తనెవరో అందరికీ చెప్పింది. సగంమంది లేచిపోయారు. కొందరు బూతులు రాశారు. "మోసపోయినోళ్లు తిడతారు మరి," అని ఒక్కటీ చెరపకుండా చదివింది. ఆ తర్వాత కూడా రోజూ వెళ్లి అక్కడ నిలబడేది. యోధురాలు రాలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ గుంట ఎలాగున్నాదో," అనేది.

నన్ను చదివించిన మనిషి, జ్వరమొస్తే తలపట్టిన మనిషి అత్త. వాటన్నిటికీ రుణపడే ఉంటాను. కానీ తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది, మైకు గుర్తు మీదికి వెళ్లిన ఆ వేలు. తనని నమ్మిన మనిషి దగ్గర తనంతట తను దొంగగా నిలబడ్డం నేను మరెవరిలోనూ చూడలేదు.

ఆమె పోయిన మర్నాడు ఆమె ఖాతాతోనే వంతెన మీద అందరికీ కనపడేలా కబురు రాశాను. ఊరూ, వీధీ కూడా రాశాను.

ఐదోరోజున ఒక అమ్మాయి వచ్చింది. భుజాన బ్యాగు, ముఖం నిండా బస్సు దుమ్ము. "ఆవిడ ఇల్లు ఇదేనాండీ?" అంది. ఆ గొంతు ఒక్కసారే విన్నాను, పోల్చుకున్నాను. ఏమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్లాను.

కుర్చీలో అత్త ఫొటో ఉంది. బరువైన చామంతి దండ జారి, సగం ముఖాన్ని కప్పేసింది.

"ఆవిడెలాగుంటారో నాకు తెలీదండి," అంది.

వంగి, రెండు వేళ్లతో దండని పైకెత్తింది. ఎత్తి, అలా పట్టుకునే చూస్తూ ఉండిపోయింది.