మా నగరిలో ఆ ఏడాది పెద్ద హిట్టు పీత సినిమా

మా చిన్నప్పుడు నగరిలో ఏ సినిమా హిట్టో తేల్చింది పోస్టర్లు కాదు... మరమగ్గాల షెడ్డు. ముందుగా చూసొచ్చినవాడు మగ్గం పక్కన నిలబడి కథ చెప్పాలి. కథ నచ్చిందా, కరెంటు కోత రోజున షెడ్డు షెడ్డంతా థియేటర్లో ఉంటుంది. నచ్చలేదా, ఆ సినిమా పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ కథ చెప్పేది మా నాయన.

గొంతుతో కాదు. మగ్గాలు ఆడుతుంటే పక్కవాడి కేక కూడా వినపడదు. అందుకే మా వాళ్లందరికీ పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చు. తిట్లు, సరసాలు, ఇంటి గొడవలు అన్నీ చప్పుడు లేకుండానే సాగిపోయేవి. నాయన పెదాలు కదిపితే హీరో, విలను, హీరోయిన్ తల్లి... అందరూ ఆ ఒక్క ముఖంలోకే వచ్చేసేవారు.

ఆ ఏడాది ముందు ఒక తెలుగు సినిమా విరగబడి ఆడింది. తర్వాత ఒక అరవ డబ్బింగు. అందులో అందరూ నవ్విన చోట నాయన నవ్వలేదు, ఎవరూ నవ్వని చోట పగలబడి నవ్వాడు. ఆయన వాటం చూసి మేమూ నవ్వాం.

ఆ తర్వాత దిగింది పీత సినిమా. ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు పెట్టారు. ఓడంత పీత సముద్రంలోంచి లేచి ఊళ్లకు ఊళ్లు తొక్కేస్తుంది. చిత్తూరులో, తిరుపతిలో టికెట్లు దొరకడం లేదని చెప్పుకునేవారు. కోత రోజు నాయన, అమ్మ, నేను ఉడకేసిన సెనగల సుండలు పొట్లాలు కొనుక్కుని మ్యాట్నీకి వెళ్లాం.

హాలంతా ఈలలు... నాయన మాత్రం గోడను చూస్తున్నట్టు కూర్చున్నాడు. బయటికి రాగానే విసుక్కున్నాడు.

"ఏం సినిమామే ఇది? తెల్లోళ్లు ఆవులు నెమరేసినట్టు నోళ్లు ఆడిస్తా ఉండారు. ఒక్క ముక్క అర్తం కాలా."

"తెలుగులోనే కదయ్యా మాట్లాడింది?" అంది అమ్మ.

"యాడ తెలుగు?"

అమ్మ నడవడం ఆపేసింది. నాయన ముందుకు వెళ్లిపోతున్నాడు. వెనక నుంచి గట్టిగా అరిచింది. "ఓయ్... నీ పంచె ఊడిపోతా ఉండాది, సూసుకో!"

వీధిలో మగాళ్లంతా తమ పంచెలు తడుముకున్నారు. నాయన తిరగలేదు.

నేను పడీ పడీ నవ్వాను. అమ్మ ముఖం చూసి ఆపేశాను. తెలుగు సినిమాలో ఆయన తెలుగు పెదాలు చదువుకున్నాడు. డబ్బింగులో అరవ పెదాలు చదువుకున్నాడు, సరిహద్దు ఊరు కదా, అరవం మా అందరికీ వచ్చు. తెల్లవాళ్ల పెదాలు మాత్రం ఆయనకి దొరకలేదు. పిలిస్తే పలకడని అమ్మ ఇన్నాళ్లూ తిట్టింది... ఆయనకి వినపడలేదు, అంతే.

ఇంటికొచ్చాక అమ్మ ఎదురుగా నిలబడి తన చెవి తట్టి చూపిస్తే, నాయన తల దించుకున్నాడు. అమ్మ ఆయన గడ్డం పట్టుకుని తన ముఖం వైపు ఎత్తింది. "ఎన్నాళ్ల నుంచి?"

"మేస్త్రీకి తెలిస్తే మగ్గం మీద నుంచి దింపేస్తాడుమే. సప్పుడు మారితే నూలు తెగిందని తెలసాల. నాకు కాళ్ల కింద అదురు సాలు, తెలిసిపోతాది. ఆ మాట వాడు నమ్ముతాడా?"

"రేపు కథ అడగతారే..."

"దానికే బయం."

ఆ సాయంత్రం అమ్మ తలుపేసింది. పక్కింటి గోడకి చెవులుంటాయని గొంతు ఎత్తకుండా, ఉత్త పెదాలతో సినిమా మొత్తం చెప్పింది. పీత వేషం నాది. వీపు మీద గంప, చేతుల్లో గరిటెలు పెట్టుకుని గదంతా అడ్డంగా నడిచాను.

"ఇంతకీ అది ఊర్ల మీద ఎందుకు పడింది?" అన్నాడు నాయన.

"దాని గుడ్లు ఎత్తుకపోయినారయ్యా. అది తల్లి."

"అట్ట సెప్పు మరి! దానికేందో కొవ్వెక్కిందనుకుంటిని."

మర్నాడు బడి ఎగ్గొట్టి నేనూ షెడ్డుకి పోయాను. అమ్మ అక్కడే నూలు కండెలు చుట్టేది. నాయన మొదలుపెట్టాడు. సినిమా చూసొచ్చిన కుర్రాడొకడు నాయన్ని పరీక్షించడానికి మధ్యలో పెదాలు కదిపాడు, "మామా, కాలు తెగింది కదా, మళ్లా మొలిసిందా?"

అమ్మ చేతిలో కండె ఆగిపోయింది. ఆ ముక్క చెప్పిందో లేదో ఆమెకే గుర్తు లేదు.

"పీత రా అల్లుడా! నీ బుద్దా, మొలవకుండా పొయ్యేదానికి?"

షెడ్డంతా భుజాలు ఎగిరాయి... మా నవ్వు అలాగే కనపడుతుంది, వినపడదు. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ కూడా కళ్లు తుడుచుకున్నాడు. నగరిలో పీత సినిమాని మించిన హిట్టు ఆ ఏడాది లేదు. నాయన మగ్గం నాయనకే ఉండిపోయింది.

ఇప్పుడు నేను సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. చేరిన రోజే, యంత్రాల మోతకి చెవులు పోకుండా పెట్టుకోమని రెండు స్పాంజి బిరడాలు ఇచ్చారు. అరచేతిలో వేసుకుని చూస్తే ఒళ్లు మండిపోయింది. ఇంతేనా? ఇంత ముక్క ఇస్తే సరిపోయేదా? షెడ్డు యజమాని ఏనాడూ మా నాయనకి ఇంత దూది కూడా ఇవ్వలేదే! ఆ కోపం నాకు ఈరోజుకీ దిగలేదు, దిగదు కూడా.

ఏడాది చివర ఈ ఫీడు నిండా వసూళ్ల గొడవే. మా హీరో, మీ హీరో అని కొట్టుకోండి, మీ ఇష్టం. ఇప్పుడు పెద్ద హిట్లన్నీ అన్ని భాషల్లో ఒకేసారి దిగుతాయి... పెదాలది ఒక భాష, మాటలది ఒక భాష. నాయనకి ఏదీ అందదు. ఆయన కథ చెప్పిన షెడ్డు మూతపడింది. అమ్మ సినిమా చూసొచ్చి ఆయనకి చెబుతుంది. సగం కల్పిస్తుంది. అది ఆయనకీ తెలుసు... అయినా కళ్లు తిప్పకుండా చూస్తాడు.

మీ ఇంట్లో, మీ వీధిలో సినిమా కన్నా బాగా సినిమా కథ చెప్పిన మనుషులు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి. నాయనకి ఎదురుగా, వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చుని... మీరు రాసినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను.