అలగు గుచ్చే మునుసామికి నా సూది

2022. తిరుత్తణి బస్టాండుకు దగ్గర్లో ఒక మేడమీది గది. మలేషియాలోని పెనాంగ్‌లో ఒక వృద్ధాశ్రమంలో పదకొండేళ్ళు నర్సుగా పనిచేస్తూ, సాయంత్రాలు కాలేజీకి పోయి చైనా వైద్యం చదివి, నలభై ఎనిమిదో ఏట పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చాను. నా ఈడువాళ్ళు మనవళ్ళను ఎత్తుకుని తిరుగుతుంటే నేను కొత్తగా బోర్డు రాయించుకున్నాను. నాది ఆక్యుపంక్చర్, అంటే వెంట్రుకంత సన్నటి సూదులను ఒంటిమీద లెక్క ప్రకారం గుచ్చి చేసే వైద్యం. ఊళ్ళో సూదిని ఊసి అంటారు గనక ‘ఊసి అక్క’ అని పేరైతే పడింది గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్ళు తక్కువ. ఆ ఖాళీ మధ్యాహ్నాలూ, సూదులతోపాటు వైద్యానికి కాల్చే మాచిపత్రి వాసనా ఇప్పటికీ తీపిగానే గుర్తొస్తాయి.

కొండమీది సామి పండగ ఆడికృత్తికకు ఏడు వారాలుందనగా మునుసామిగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. ముఖం ఎడమవైపు జారిపోయింది. ఆ కన్ను మూతపడదు, నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పెద్దాసుపత్రికి పోయొచ్చారా అని ముందు అడిగాను.

“తిరువళ్ళూరుకు పోయినానమ్మా. పక్షవాతం కాదనినారు. మాత్రలిచ్చినారు. అది తానే సరిపోతుంది, కొంచెం నాళ్ళు పడుతుందనినారు.”

దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ముఖంలోని నరం వాచి, ఆ పక్క కండరాలు పనిచేయవు. వాళ్ళిచ్చిన మాత్రలు మానొద్దని చెప్పాను.

ముప్పై ఏళ్ళుగా కొండకింద భక్తులకు అలగు గుచ్చేది ఈయనే. అలగు అంటే మొక్కున్నవాళ్ళ బుగ్గలో గుచ్చే సన్నటి వెండి శూలం.

“గుచ్చేవాని మొగమే కోణల్‌గా, వంకరగా పోతే, సామికి కోపమొచ్చిందనే గదమ్మా అంటారు? ఈ ఏడు నాకాడికి ఎవురొస్తారు? ఈ కన్ను మూసుకునేట్టు చెయ్యి, చాలు” అన్నారు.

బల్లమీద పడుకోబెట్టి సూది తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

“ఊసి పట్టేదానికి ముందు ఎన్ని దినాలు విరదం ఉండావు?”

“వ్రతమా? పొద్దున రెండు దోసెలు తిన్నానయ్యా.”

“కాళ్ళకు చెప్పులు గూడా ఉండాయే. చెప్పులేసుకోని ఊసి పడతారా ఎవురైనా?”

నాకు ఒళ్ళు మండింది. పగలు పనిచేసి, సాయంత్రాలు చదివి, పిల్లలతో సమానంగా పరీక్షలు రాసి తెచ్చుకున్న చదువు ఇది. అలగు వేరు, ఇది వేరు అన్నాను కాస్త గట్టిగానే. ఆయన నా మణికట్టు వదిలారు. కానీ మూతపడని ఆ ఎడమ కన్ను నన్నే చూస్తోంది. చూపు తప్పించి, బుగ్గమీద సూది పెట్టే చోటు వెతికాను.

“అమ్మా, నువ్వు బుగ్గనే చూస్తాండావు. బుగ్గ యాడికీ పోదు. మనిషి పయపడతాండాడా అని కండ్లు చూడాల. పేరు పెట్టి పిలువు. పలికినాంక గుచ్చు.”

సిగ్గేసింది. చెప్పులు విప్పి గుమ్మం అవతల పెట్టాను. ఆయన కళ్ళు చూసి “మునుసామయ్యా” అన్నాను. “ఊ” అన్నారు. గుచ్చాను.

వారానికి మూడుసార్లు వచ్చేవారు. నేను సూదుల గురించి చెబితే ఆయన అలగు గురించి చెప్పేవారు. సూది పట్టుకునేవాళ్ళం ఇద్దరం ఒకచోట చేరామని నవ్వుకునేవాళ్ళం. అయిదో వారంలో ఒకరోజు ఎడమ రెప్ప వాలింది. అద్దం చూసుకుని ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కేసు ముగిసిందని ఆరోజే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆడికృత్తికనాడు చూద్దామని కొండకిందికి వెళ్ళాను. జనం పక్కనున్న ఇంకొకతని దగ్గర వరుస కట్టి ఉన్నారు. మునుసామిగారి ముందు పీట ఖాళీ. ఆయన ఎవరినీ పిలవలేదు, లేచి పోనూలేదు. మధ్యాహ్నం కావస్తుండగా, ఏటేటా ఆయన దగ్గరే గుచ్చుకునే పాండూరు రైతొకడు వరుసలోంచి ఇవతలికి వచ్చాడు.

“మామా, రెండు కండ్లూ మూసి చూపించు.”

ఆయన చంటిపిల్లాడిలా మూసి చూపించారు.

“నోరింకా కొంచెం కోణల్‌గానే ఉండాదే?”

“నోటితో గుచ్చుతానా రా నేను?”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ రైతు కూడా నవ్వి, పీటమీద కూర్చుని బుగ్గ అందించాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

ఇప్పుడు నా మెట్లమీద జనం కూర్చునే ఉంటారు. మునుసామిగారు బాగుపడటంలో నా సూది వంతెంతో, మాత్రల వంతెంతో, కాలం వంతెంతో ఈనాటికీ నేను చెప్పలేను. కానీ ఆ ఆడికృత్తిక సాయంత్రం గదికొచ్చి, నోటుపుస్తకం తీసి, ముగిసిందని రాసిన తేదీని కొట్టేశాను. పాండూరు రైతు బుగ్గ అందించిన ఆ రోజు తేదీ వేశాను.