క్లిమెంట్ పెరటి వెనక తూము

ప్లమ్‌ఫోర్క్‌లో రైలు ఆగిపోయాక ప్రతి పెరట్లోనూ ఏదో ఒక రైలు సామాను మొలిచింది. ఒకరి పూలమడికి పట్టాల కింద పరిచే స్లీపరు దుంగలు గట్టయ్యాయి. ఇంకొకరి గొడ్లచావిడి తలుపు మూసుకుపోకుండా పట్టా ముక్క అడ్డం పడింది. పాస్టరుగారి వాకిట్లో కూడా మెట్టు పేరు చెప్పి ఓ స్లీపరు పడి ఉండేది. దొంగతనం మీద ప్రసంగం చేయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన ఎందుకో ఓర్పు మీదికి మళ్ళిపోయేవారు. నెబ్రాస్కా మైదానంలో కలప దొరకడమే అపురూపం, దొరికిన కలప ఎవరిదని అడగడం మర్యాద కాదు. రైలు సామాను అంటని పెరడు ఊరంతటికీ ఒక్కటే, వెర్లిన్ క్లిమెంట్‌ది.

వెర్లిన్ ఆ లైను మీద గ్యాంగు మేస్త్రీగా చేసినవాడు. వరదకి వంతెన కుంగి, పెద్ద కంపెనీ చేతులు దులుపుకుని వెళ్ళిపోయాక కౌంటీ రోడ్ల పనిలో చేరాడు గానీ, మనసు మాత్రం పట్టాల మీదే ఉండిపోయింది. ఆదివారం ప్రార్థన కాగానే అందరూ కాఫీకి వెళితే అతను మంచి బూట్లతోనే లైను వెంట నడిచేవాడు. ఎక్కడ స్లీపరు మాయమైందో, ఈడ్చిన చారలు ఎవరింటివైపు పోయాయో చూసుకుని వచ్చి, కెఫేలో అందరి ముందూ దులిపేసేవాడు.

అలా దులిపించుకున్నవాళ్ళలో గేలన్ నోవోట్నీ ఒకడు. వెర్లిన్‌తో కలిసి బడికెళ్ళినవాడు, కలిసి బడి ఎగ్గొట్టినవాడు కూడా. పందుల దొడ్డికని నాలుగు స్లీపర్లు తెచ్చుకున్నాడు.

"నీ పందులు రైలెక్కి షికాగో పోతాయేంట్రా?" అన్నాడు వెర్లిన్. కెఫే అంతా గొల్లుమంది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. "రేపు బండొచ్చి నీ మూలాన బోల్తాపడితే, ఇంజను నడిపేవాడి పెళ్ళానికి నువ్వు జవాబు చెప్తావా? దొంగతనం కంటే పాపం రా అది!"

నవ్వులు ఆగిపోయాయి. గేలన్ కాఫీ సగంలో వదిలి లేచి వెళ్ళాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోలేదు. గేలన్ కిటికీ పక్కకి మారిపోయాడు.

ఇది జరిగిన మరుసటి వేసవిలోనే వెర్లిన్ తన పెరటి వెనక రైలుకట్టకి కన్నం వేశాడు.

కారణం లేకపోలేదు. ప్రతి వసంతంలోనూ మంచు కరిగితే ఆ నీళ్ళు కట్ట దాటే దారిలేక అతని నేలమాళిగలోకి దిగేవి. భార్య ఆర్డిస్ నిల్వ పెట్టుకున్న పీచ్ పళ్ళ సీసాలు బాతుల్లా తేలేవి. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించేదే గాని మనిషి పలికేవాడు కాదు. చివరికి ఆర్డిస్ తన చెల్లెలి ఊరికి వెళ్ళిన వారం చూసుకుని వెర్లిన్ పార పట్టాడు. పట్టాల కింద అడ్డంగా తవ్వి, రెండు మూతలూ కోసేసిన నూనె పీపాలు వరసగా దూర్చి, మట్టి కొట్టి, పైన కంకర పరిచాడు. అతను పరిచిన కంకర అంటే మాటలా! కోడి కూడా అక్కడ కెలికారని పసిగట్టలేదు. చచ్చిన బండికి కట్ట ఎంత గట్టిగా ఉంటే ఏం, అనుకున్నాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే వాణ్ణి కెఫేలో నిలువునా తోలు ఒలిచేవాడు.

ఆర్డిస్ వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. "ఎవరు చేశారిది?"

"కంపెనీవాళ్ళు. వచ్చి పైపు వేసి పోయారు." అబద్ధం అంత సాఫీగా నోట్లోంచి వస్తుందని అతనికే తెలియదు.

ఆర్డిస్ ఊరికే ఉండే మనిషైతే బాగుండేది. మర్నాడే గసగసాల కొలాచీలు, ఆ తియ్యటి చిన్న రొట్టెలు, ఓ పెద్ద పళ్ళెం నిండా కాల్చి, గుడ్డ కప్పి, "వాళ్ళ ఆఫీసులో ఇచ్చి, క్లిమెంట్ కుటుంబం తరఫున అని చెప్పు" అని అతని చేతికిచ్చింది. వెర్లిన్ పికప్పు వేసుకుని ఊరు దాటి, మొక్కజొన్న చేల మధ్య ఆపి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అన్నీ తిన్నాడు. పారేయడానికి మనసొప్పలేదు. అవి ఆర్డిస్ చేతి కొలాచీలు మరి. సాయంత్రం ఇంటికొచ్చాక, "నీ పళ్ళలో గసాలేంటి?" అంది ఆవిడ.

"ఒకటి తినమని బలవంతం చేశారు."

"మంచివాళ్ళు," అంది ఆర్డిస్.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పాపం వల్లో, కొలాచీల వల్లో చెప్పడం కష్టం.

ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో రైతులూ ధాన్యం గోదాము సంఘమూ కలిసి, ఓ చిన్న కంపెనీని తోడు తెచ్చుకుని ఆ లైను కొన్నారు. లారీలకి కిరాయి పోసి పోసి విసిగిపోయిన ఊరు మళ్ళీ పట్టాలవైపు చూసింది. లైను పనులకి పైఅధికారిగా వచ్చిన కొరీన్ ఆస్‌ముస్ అనే అమ్మాయి దిగీ దిగగానే, "ఈ లైను తెలిసినవాళ్ళెవరు?" అని అడిగితే కెఫే అంతా వెర్లిన్‌వైపు వేలు చూపించింది.

అతను ఆమెని లైను పొడుగునా నడిపించాడు. కుళ్ళిన స్లీపరు, వదులైన బోల్టు, వంగిన పట్టా ఒక్కటీ వదల్లేదు. తన పెరటి వెనకకి వచ్చేసరికి మాత్రం ఫ్లాస్కు మూత తీసి, "కాఫీ తాగుదామా? ఈ ఏడు ఎండలు చూశావా?" అనేవాడు. ప్రతిసారీ అదే చోట కాఫీ. కొరీన్ అది ముసలాయన అలవాటనుకుంది.

ఊళ్ళోవాళ్ళు పట్టుకెళ్ళినవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పాస్టరుగారు తన మెట్టు తనే మోసుకొచ్చారు. గేలన్ తన ట్రాక్టరు మీద స్లీపర్లు తెచ్చి, వెర్లిన్ కాళ్ళ దగ్గర దబదబా పడేశాడు. ఆ వాసనకి నలుగురూ నాలుగడుగులు వెనక్కేశారు.

"ఇదిగో నీ సొత్తు. పందులు దిగులు పడుతున్నాయి, అలవాటైపోయిందిగా," అన్నాడు గేలన్, వెర్లిన్ మొహం చూడకుండా.

నిజం చెప్పడానికి అదే సమయం. "గేలన్, నేనూ..." అనబోయాడు వెర్లిన్. గేలన్ అప్పటికే ట్రాక్టరెక్కేశాడు. నిజం చెప్పాలంటే, వినబడేంత గట్టిగా అనలేదు కూడా.

కంకర సర్దే యంత్రం వచ్చిన రోజున వెర్లిన్ తన కంచె పట్టుకుని నిలబడ్డాడు. యంత్రం పెరటి వెనకనించి గుడగుడమంటూ వెళ్ళింది. ఏమీ కాలేదు. నడివేసవి, నేల ఎముకలా బిగిసి ఉంది. దేవుడు క్షమించాడనుకుని లోపలికెళ్ళి రెండు కప్పుల కాఫీ తాగాడు. తర్వాత శరదృతువు వానలు మొదలయ్యాయి. ముసురు ఆగాక వెళ్ళి చూస్తే, పీపాల మీద కంకర గరిటె గుంటంత లోతుకి దిగి ఉంది. వేరేవాళ్ళకి కనబడదు. అతనికి కనబడింది. యంత్రం బరువు ఇంజను బరువులో పావు కూడా ఉండదు. పైగా ఇంజను వెనక వ్యాగన్లు.

మర్నాడే కెఫేలో కొరీన్ ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మాయ్, మా ఇంటి వెనక చోటు ఉంది చూడు..."

"అక్కడ దిగి చూడక్కర్లేదని మా వాళ్ళకి చెప్పేశానండీ," అంది కొరీన్ నవ్వుతూ. "క్లిమెంట్‌గారి పెరటి వెనక పట్టాలో తప్పుంటుందా? అన్నట్టు, శనివారం మొదటి బండి. మీరు ఇంజన్లో రావాలి. ఊరి గేటు దగ్గర కూత మీరే వేయాలి."

పక్క బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. కిటికీ పక్క గేలన్ కూడా, మొహం తిప్పుకునే, రెండు చప్పట్లు చరిచాడు. చప్పట్ల మధ్య నిజం చెప్పడం ఎవరివల్ల అవుతుంది? వెర్లిన్ టోపీ సరిచేసుకుని, "వాన పడేట్టుంది," అన్నాడు.

శనివారం తెల్లవారగానే అతనికో ఉపాయం తట్టింది. అప్పటికి ఉపాయంలానే కనిపించింది. అటకమీది తన పాత ఎర్రజెండా తీసి, పెరటికి కొంచెం ఇవతల పట్టాల మధ్య పాతాడు. బండి ఆగుతుంది, దిగి పట్టిపట్టి చూస్తారు, గుంట కనబడుతుంది, బాగుచేస్తారు. ఎవరో పుణ్యాత్ముడు చూసి పాతాడంటారు. తనకి కూత దక్కకపోయినా పరువు దక్కుతుంది. ఇలా లెక్క వేసుకుని, ఇస్త్రీ చేసిన ఓవరాల్ తొడుక్కుని, బాగుచేసిన వంతెన దగ్గరికెళ్ళి ఇంజనెక్కాడు.

పట్టాల మీద బతికినవాడు మరిచిపోకూడనిది ఒకటుంది. ఎర్రజెండాకి యజమాని ఉంటాడు. పాతినవాడే వచ్చి "ఇక పో" అనాలి. అందాకా అధ్యక్షుడున్న బండైనా కదలదు. ముప్పై ఏళ్ళు కుర్రాళ్ళకి ఈ మాటే నూరిపోసినవాడు, తన విషయంలో మాత్రం మరిచిపోయాడు.

ఇంజను ఆగింది. డ్రైవరు దిగి, ముందు నడిచి, అంతా చూసి వచ్చాడు. "ఏం లేదండీ. కంకర అద్దంలా ఉంది."

కొరీన్ కూడా దిగి, వాకీటాకీలో తన పనివాళ్ళని ఒక్కొక్కరినీ అడిగింది. జెండా తనదని ఎవరూ అనలేదు. గోదాము దగ్గర బ్యాండుతో ఎదురుచూస్తున్న ఊరు, బండి రాలేదేమని నడుచుకుంటూ ఇటే వచ్చేసింది. ఆర్డిస్ కొత్త టోపీ పెట్టుకుని ముందు నిలబడింది.

"ఇది గేలన్ పనే," అన్నారెవరో. "స్లీపర్లు వెనక్కి ఇప్పించారన్న కచ్చ."

అందరూ గేలన్‌వైపు చూశారు. అతను చేతులు జేబుల్లో పెట్టుకుని, "నాకు జెండా కావాలంటే నా దగ్గర పందులున్నాయి, వాటికి కడతా," అన్నాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. కెఫేలో ఆనాడు ఎర్రబడినట్టే.

కొరీన్ ఇంజనువైపు తలెత్తింది. "క్లిమెంట్‌గారూ, మీ మాట చాలు నాకు. పీకేయమంటారా?"

ఆ క్షణంలో 'పీకెయ్' అన్న ఒక్క మాట ఎంత తేలిక! వెర్లిన్ ఇంజను మెట్లు దిగాడు. ఓవరాల్ ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు.

"జెండా నాది," అన్నాడు. "కన్నం కూడా నాదే. కింద పైపు లేదు, నూనె పీపాలున్నాయి. నేనే పెట్టాను. బండి మళ్ళీ రాదనుకున్నాను."

గాలికి జెండా పటపటలాడింది. ముందుగా ఆర్డిస్ గొంతు లేచింది.

"అయితే ఆ కొలాచీలు ఎవరు తిన్నారు?"

వెర్లిన్ తల దించుకున్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

జనంలో ఎవరో కిసుక్కుమని, ఆర్డిస్ చూపుకి గొంతు సవరించుకున్నారు. గేలన్ నవ్వలేదు. వెళ్ళి, మట్టి తవ్వే తొట్టి బిగించిన తన ట్రాక్టరు తెచ్చాడు. బండిని వెనక్కి పంపారు. బ్యాండువాళ్ళకి సంగతి సరిగ్గా చెప్పినవాళ్ళు లేక, వెనక్కి పోయే బండికే స్వాగతగీతం ఉత్సాహంగా వాయించారు.

కట్ట తవ్వితే మొదటి పీపా, ఎవరో కూర్చున్న టోపీలా చదునై ఉంది. కొరీన్ దాని పక్కన గొంతుక్కూర్చుని, నలిగిన అంచు వేళ్ళతో తడిమింది. వెర్లిన్ తిట్లకి సిద్ధపడ్డాడు. ఆమె తిట్టలేదు.

"మీరు చెప్పారని నేనిక్కడ దిగి చూడలేదు," అంది అంతే.

అంతకంటే ఆమె రెండు తిట్టి ఉంటే అతను ఇంటికెళ్ళి భోజనం చేసేవాడు.

అసలైన తూము వేశారు. వెర్లిన్ పిలవకుండానే వచ్చి పారపని చేశాడు, కుర్రాళ్ళు చెప్పినట్టల్లా చేశాడు. తర్వాతి వారం బండి బ్యాండు లేకుండా వచ్చింది. గేటు దగ్గర కూత డ్రైవరే వేశాడు. వెర్లిన్ పట్టాలకి ఓ పక్కన నిలబడి, వెళ్తున్న చక్రాలని ఒక్కొక్కటీ చూస్తున్నాడు. కదిలే బండిని నేలమీద ఉన్నవాడు అలా చూడాలి, అది ఆ పనిలో పుట్టిన అలవాటు. రెండోవైపు కూడా ఒకరుండాలి. చివరి వ్యాగను దాటాక చూస్తే అవతల గేలన్ నిలబడి ఉన్నాడు.

"నావైపు చక్రాలన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు గేలన్. "ఆ పీపాలు, అవి కంపెనీవా, నీవా?"

"నావే."

"నలగనివి నా పందులకి కావాలి. కానీ దొంగతనం కాదని కెఫేలో చెప్పాలి. అందరూ ఉన్నప్పుడు. గట్టిగా."

వెర్లిన్ మర్నాడు కెఫేలో లేచి నిలబడి చెప్పాడు. పీపాల సంగతి ఒక్క ముక్కలో తేలిపోయింది. పాత మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది, మధ్యలో కాఫీ కూడా ఒలికింది. గేలన్ కిటికీ పక్కనించి లేచి రాలేదు. తన ఎదుటి కుర్చీని మాత్రం కాలితో కొంచెం ఇవతలికి తోశాడు.

ఆదివారం ఆర్డిస్ గసగసాల కొలాచీలు కాల్చి, గుడ్డ కప్పింది.

"కొరీన్ ఆఫీసుకి," అంది.

వెర్లిన్ చేతులు చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. కోటు తొడుక్కుని, వెళ్ళి పికప్పులో కూర్చుని, పళ్ళెం తన ఒళ్ళోనే పెట్టుకుంది.