బాపు నమ్మిన ఇంగ్లీషు మాట

తొంభైల్లో నేను చంద్రపూర్‌లో కాలేజీలో చదివేదాన్ని. మాది రాజురా వైపు పల్లె. మా పత్తి చేను బొగ్గు గనికి పోయింది. ఇంటికొక ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ నమ్మకంతో మా బాపు ఎడ్లను అమ్మేశాడు. పిలిస్తే వెంటనే డ్యూటీకి దిగాలని, అన్న రోజూ టిఫిన్ డబ్బాతో గని గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు.

ఒకరోజు ఇంగ్లీషు సారు బోర్డు మీద 'ఎక్స్‌పెక్టెటివ్' అని రాశారు. ఇప్పుడెవరూ వాడని పాత మాటట. కుర్చీ ఖాళీ కాకముందే, ఖాళీ అయితే నీకేనని ఇచ్చే హామీ అని అర్థం చెప్పి, వాక్యంలో వాడమన్నారు. నేను హుషారుగా లేచి, మా అన్నకు గనిలో అదే ఉందని ఇంగ్లీషులో చెప్పాను.

నా పక్కన కూర్చునేది నా స్నేహితురాలు సునంద. వాళ్ల నాన్న ఆ గనిలోనే పనిచేస్తాడు. అది మెల్లగా నా చెయ్యి లాగి, "మిషిన్లు వచ్చినయే. ఉన్నోళ్లనే తగ్గిస్తుండ్రు. మా బాపు దిగిపోతే గూడ ఆ జాగల ఎవ్వల్ని తీసుకోరంట" అంది. నాకు కూర్చోవాలని కూడా తోచలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే బాపు అడిగాడు. "ఇయ్యాల ఏం జెప్పిండ్రు బిడ్డా?"

సునంద చెప్పింది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఇంగ్లీషు మాట, దాని అర్థం మాత్రం చెప్పాను.

బాపు మొహం వెలిగిపోయింది. "ఇంగ్లీషుల దానికో పేరు గూడ ఉన్నదంటే, మనకిచ్చిన మాట ఉత్తది గాదు. ఇన్నవారా?" అన్నాడు అన్నతో.

అన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మాట మళ్లీ నాకెక్కడా కనబడలేదు. కొడుకు ఉద్యోగం ఏమైందని ఎవరడిగినా, బాపు మాత్రం చనిపోయేదాకా, నోరు తిరక్కపోయినా, గర్వంగా ఆ మాటే చెప్పాడు.